పడదన్న ఇల్లు

కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మేస్త్రి దాన్ని నోట్లో పెట్టుకోలేదు, కంచంలో వదల్లేదు.

"మళ్ళీ అడుగు," అన్నాడు కోడలితో.

కోడలు గోడవారగా నిలబడి ఉంది. ఆమె చేతిలో ఊరుమ్మడి నిధి రిజిస్టరు. వరద రోజుల్లో తడిసి అట్ట ఉబ్బిపోయింది. ఒక పేజీలో వేలు పెట్టి మూసి పట్టుకుంది. మొదటిసారి అడగడానికే పొద్దుటి నుంచి ధైర్యం కూడగట్టుకుంది. రెండోసారికి గొంతు సగం తగ్గింది.

"చిన్నమామయ్య ఇంటి దగ్గర మీరు పడదన్నారు కదా మామయ్యా. పడదంటే గోడ పడదనేగా?"

మేస్త్రి ఆమె వైపు చూడలేదు. కంచం వైపే చూస్తూ చెప్పాడు.

"గోడ ఊసు నేనెప్పుడెత్తాను? నాకూ వాడికీ పడదన్నాను. ఆ ఇల్లు ఇంకో మేస్త్రికి చూపించుకోమని."

"ఇంకో మేస్త్రి అన్న మాట నాకు వినపడలేదు మామయ్యా. పడదు అని ఒక్క మాటే."

"ఆ ఒక్క మాట చాలదా? నాకూ నా తమ్ముడికీ పడదని ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఈ ఇంటి కోడలివి, నీకు తెలీదా?"

తెలుసు. తెలుసు కాబట్టే, పంతం వదిలి ఇంటి మాట చెప్పాడనుకుని అలా రాసింది. ఆ సంగతి ఈయనకి ఎలా చెప్పాలో ఆమెకి అర్థం కాలేదు.

ఇళ్ళు చూసే పనికి ఒక పద్ధతి ఉంది. వరద తీసిన నాలుగో రోజున నిధి గదిలో అందరూ కూర్చుని పెట్టుకున్న పద్ధతి అది. పేరుకు నిధి గానీ ఆ గదిలో కనిపించేవి దుప్పట్లు, పారలు, టార్పాలిన్లు, ఊతకర్రలు. పైనుంచి సాయం వచ్చేలోపు ఊరు తన కాళ్ళ మీద తను నిలబడాలని, రిటైరైన పంతులమ్మ పదేళ్ళ కిందట పట్టుబట్టి పెట్టించింది. ఎవరి చేతిలో ఏ పనుంటే అది నిధికి ఇవ్వాలి. మేస్త్రి ఇళ్ళు చూడాలి. ఆయన తమ్ముడు దర్జీ, కుట్టాలి. మేస్త్రి కోడలి దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది కాబట్టి ఆమె రాయాలి.

మేస్త్రి బురదలో దిగి ఇంట్లోకి పోయేవాడు. కోడలు వీధిలో గొడుగు కింద రిజిస్టరు పట్టుకుని నిలబడేది. తాపీ పిడితో ఆయన గోడ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. చెవి ఆనించి వినేవాడు. తర్వాత గుమ్మంలోకి వచ్చి, "రాసుకో అమ్మాయ్," అనేవాడు. ఆ తర్వాత ఒక మాట. నిలుస్తుంది. లేకపోతే, ఊత పెట్టాలి. లేకపోతే, దించెయ్యాలి. ఊళ్ళో అరవై రెండిళ్ళు, ఏ ఇంటికైనా అవే మూడు మాటలు.

ఆ రాతను బట్టి సాయంత్రానికి తలుపు మీద గుర్తు పడేది. ఉండొచ్చు అంటే సున్నంతో గుండ్రటి గీత. వద్దంటే ఎర్ర రంగుతో అడ్డగీతలు. గుర్తు పడితే గానీ బడిలో తలదాచుకున్న వాళ్ళు ఇళ్ళకి పోకూడదు. సున్నం గుర్తుని జనం సున్న అనడం మొదలుపెట్టారు. మా ఇంటికి సున్న పడింది, మీకు పడిందా అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. నా సర్వీసులో సున్న పడిందని ఇంత సంబరపడ్డ వాళ్ళని చూడలేదని పంతులమ్మ నవ్వింది. ఆ బడిలో అందరూ నవ్విన రోజు అదొక్కటే.

ఇవాళ పొద్దున కోడలు రిజిస్టరుకి శుభ్రమైన నకలు తీస్తూ కూర్చుంది. నిలుస్తుంది, నిలుస్తుంది, ఊత పెట్టాలి, నిలుస్తుంది. అలా రాసుకుంటూ పోతున్న చెయ్యి ఒక్క చోట ఆగింది.

పడదు.

అరవై రెండిళ్ళలో ఒక్క ఇంటికే ఆ మాట. అది చూసిన క్షణాన ఆమెకి ఇంకోటి గుర్తొచ్చింది. ఆ ఇంటి దగ్గర మామయ్య రాసుకో అనలేదు.

ఆ రోజు వాన. గొడుగు గాలికి తిరగబడుతుంటే కాగితాలు తడవకుండా వంగి రిజిస్టరుని గుండెకి హత్తుకుని ఉంది. మేస్త్రి తమ్ముడి ఇంటి ముందు ఆగాడు. పడదు అన్నాడు. పక్కింటికి నడిచాడు. లోపలికి పోయాడో లేదో ఆమె తలెత్తి చూడలేదు. ఆయన స్వయంగా కట్టిన ఇల్లు, తట్టి చూడాల్సిన పనేముంది అనుకుంది. పని దగ్గర పంతం పక్కన పెట్టాడు మహానుభావుడు అని లోలోపల మురిసిపోయింది కూడా.

మురిసి ఊరుకోలేదు. బడికి పరిగెత్తింది. మీ అన్నయ్య మీ ఇల్లు పడదన్నారు చిన్నమామయ్యా అని తన నోటితో చెప్పింది.

దర్జీ రెండుసార్లు అడిగాడు. అన్నయ్యే అన్నాడా, నోటితో అన్నాడా అని. తర్వాత మెళ్ళో వేలాడే కొలతల టేపుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం బడిలోంచి చాప చుట్టుకుని అందరికంటే ముందు ఇంటికి నడిచింది ఆయనే.

ఇప్పటికి మూడు రోజులు.

"ఎన్ని రోజులైంది వాళ్ళు పోయి?" మేస్త్రి అడిగాడు, ఆమె మనసులో లెక్క విన్నట్టు.

చెప్పింది.

ఆయన వాకిట్లోకి చూశాడు. పదిహేను రోజుల ముసురు తర్వాత కాస్తున్న ఎండ. వాకిలి తెల్లగా మెరుస్తోంది. ఊరంతా ఆ ఎండని చూసి ప్రాణాలు లేచొచ్చాయంటోంది. మేస్త్రి ముఖంలో మాత్రం రక్తం లేదు.

"మట్టిగోడ వానకి పడదు అమ్మాయ్. తడిసినన్నాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటుంది. ఎండకి విడుస్తుంది." వీధి చివరికి చూశాడు. "వీధి వైపు గోడ. ఆ కిటికీ గోడ."

ఆ కిటికీ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎనిమిదేళ్ళ కిందట దర్జీ, మిషను దగ్గర వెలుతురు చాలడం లేదని, అన్నకి చెప్పకుండా ఇంకెవరో మేస్త్రిని పిలిచి ఆ గోడకి మనిషి ఎత్తు కిటికీ తీయించాడు. పైకప్పు బరువంతా మోసే గోడ అది. నా గోడకి కన్నం పెట్టాడు, నాకొక్క మాట చెప్పలేదు అని మేస్త్రి నలుగుర్లో అరిచాడు. నా ఇంట్లో వెలుతురుకి నీ సెలవు కావాలా అని తమ్ముడు అన్నాడు. ఇక నీ గుమ్మం తొక్కను అని ఈయన. తొక్కమని ఎవడు ఏడ్చాడు అని ఆయన. అంతే. అప్పటి నుంచి వీధిలో ఎదురుపడితే ఒకరు చెప్పులు చూసుకుంటారు, ఒకరు ఆకాశం చూసుకుంటారు.

"మీరొస్తారా మామయ్యా?"

కోడలు ఎదురుచూసింది. ఆయన పెదాలు రెండుసార్లు కదిలాయి. గుమ్మం తొక్కనని అందరి ముందూ అన్నానని, ఇప్పుడు పోతే వాడి ముందు తలొంచుకున్నట్టేనని, అసలు ఈ తలనొప్పంతా చెవులు సరిగ్గా పెట్టని వాళ్ళ వల్లేనని గొణిగాడు. మీ అత్త ఉంటే పోయేదేమో, ఆవిడేమో నిధి వంటశాల అంటూ పొద్దున పోతే సాయంత్రం దాకా రాదు అన్నాడు. కొడుకైనా ఉన్నాడా అంటే, కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి పోయిన లైన్‌మన్ నాలుగు రోజులుగా ఇంటి ముఖమే చూడలేదు అన్నాడు. చివరికి అన్నాడు:

"నువ్వు రాసిందేగా. నువ్వే పోయి కొట్టెయ్."

అంటున్నప్పుడు ఆయన చేతిలో ముద్ద వేళ్ళ సందుల్లోంచి రాలుతోంది. నలభై ఏళ్ళు గోడ నిలువు చూసే తూకపు దారం పట్టిన చెయ్యి అది. ఆ చేతి పట్టు సడలడం కోడలు ఎప్పుడూ చూడలేదు. కసురుకున్న మాటకంటే అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

రిజిస్టరు చంకలో పెట్టుకుని వీధిలోకి దిగింది.

వీధి నిండా ఎండేసిన బతుకులు. ప్రహరీల మీద పరుపులు, తీగల మీద చీరలు, అరుగు మీద పేజీ పేజీ విప్పి రాళ్ళు పెట్టిన పిల్లల పుస్తకాలు. అందరి ముఖాల్లోనూ ఇన్నాళ్ళకి కాస్త తేట. ఎవరో పలకరించారు. ఇంకెవరో, మా పెరటి గోడ కూడా చూడమని మీ మామకి చెప్పు తల్లీ అన్నారు. ఆమె తలూపుతూ నడిచింది, పరిగెత్తితే జనం కంగారు పడతారని పరిగెత్తకుండా.

తలుపు తలుపుకీ తెల్లటి సున్న. ప్రతి సున్న దగ్గరా ఆమె కన్ను ఆగింది. ఈ ఇంటికి రాసుకో అన్నాడా? అన్నాడు. ఈ ఇంటికి? అన్నాడు. దీనికి? అన్నాడనే గుర్తు. అన్నాడా, లేక తనే అనుకుందా?

ఎక్కడో పెచ్చు ఊడి పడింది. చిన్న చప్పుడు, గింజ రాలినట్టు. ఇన్నాళ్ళూ వాన చప్పుడులో అలాంటివి వినపడలేదు.

నిధి గది దారిలోనే ఉంది. పంతులమ్మ బల్ల దగ్గర కూర్చుని దుప్పట్ల జాబితా సరిచూస్తోంది. కోడలు ఊపిరి పీల్చుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పేసింది. తిడుతుందనుకుంది. ఒక ఇంటి గుర్తు తప్పని తెలిస్తే అరవై రెండిళ్ళ వాళ్ళూ చాపలు చుట్టుకుని మళ్ళీ బడికొస్తారు, నిధి మాట ఇంకెవరు నమ్ముతారు అంటుందనుకుంది. తనే ఆ మాట కూడా అనేసింది.

పంతులమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నమ్మకం సంగతి తర్వాత. ముందు మనుషుల్ని బయటికి తియ్యి. తప్పెవరిదో తీరిగ్గా కూర్చుని పోట్లాడుకుందాం."

అని లేచి, ఎర్ర రంగు డబ్బా, కుంచె తీసి ఇచ్చింది. ఊతకర్రలు బండికెత్తమని గోదాము వైపు కేకేసింది. అంతా అయ్యాక, చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి చెప్పింది. వరదలో తుప్పుపట్టిన మిషను బదులు నిధి తరఫున దర్జీకి ఇవాళ పొద్దునే కొత్త మిషను ఇచ్చారు. బడిలో ఉన్న వాళ్ళకి పరుపు గలీబులు కావాలి. ఊళ్ళో అంత వెలుతురున్న గది ఇంకోటి లేదు. నలుగురు ఆడవాళ్ళని కూడా అక్కడే కూర్చోబెట్టారు, కత్తిరించడానికి.

"నలుగురా?"

"మీ అత్తయ్యతో ఐదుగురు." పంతులమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మూడు రోజులుగా అక్కడికే పోతోంది. వంటశాల అని ఇంట్లో చెప్పింది. తోడికోడలికి కాలు బాగాలేదని. మీ మామకి చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

కోడలు డబ్బా, కుంచె పట్టుకుని వీధిలో పడింది. ఈసారి నడవలేదు. పరిగెత్తింది.

దర్జీ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. తలుపు మీద సున్న, తన చేతిరాత పుణ్యమా అని పడిన సున్న, తెల్లగా నవ్వుతోంది. లోపల మిషను గడగడమని మోగుతోంది. నవ్వులు కూడా వినపడుతున్నాయి.

గుమ్మం దాటి గదిలోకి రాగానే పక్కనే ఆ కిటికీ. కిటికీ కిందే కొత్త మిషను, దాని మీద వంగి దర్జీ. నేల మీద తెల్ల గుడ్డ పరుచుకుని నలుగురు ఆడవాళ్ళు. లోపలి గదిలో మంచం మీద చిన్నత్త, వరద బురదలో రేకు గీసుకున్న కాలికి కట్టుతో. మంచం పక్కన అత్తయ్య. ఆ లోపలి గదికి వేరే దారి లేదు. బయటికి రావాలంటే ఈ కిటికీ గోడ పక్కగానే రావాలి.

"అదుగో, నీ కోడలు పసిగట్టేసింది," అని చిన్నత్త మంచం మీంచి నవ్వింది. "ఇక నీ మొగుడికి వంటశాల కథ చెప్పలేవక్కా."

అత్తయ్య నవ్వలేదు. కోడలి ముఖం చూసింది. "ఏమైందే?" అంది.

కోడలు గోడ చూస్తోంది. కిటికీ మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా ఒక కాగితపు పట్టీ అంటించి ఉంది. గుడ్డ కొలతలు గీసే గోధుమరంగు కాగితం.

అదేంటని అడిగింది. సన్న బీట పడిందని, తెల్ల గుడ్డ మీద మట్టి రాలుతోందని, గోడకి కూడా ఒక కుట్టు వేశానని దర్జీ చెప్పాడు, తల తిప్పకుండా. ఆడవాళ్ళు నవ్వారు.

"చిన్నమామయ్యా, అది చిరిగింది."

దర్జీ తలెత్తాడు. కాగితం మధ్యకి రెండుగా విడిపోయి ఉంది. రెండు ముక్కల మధ్య వేలు పట్టేంత నల్లటి సందు.

"పొద్దున్నే అంటించానే," అన్నాడు. ఆ మాటలో నవ్వు లేదు.

మిషను కాలు ఆగింది. ఆగగానే కిటికీ గట్టు మీద రాలిన సున్నపు పొట్టు కదలడం మానేసింది. అప్పటిదాకా అది గంతులేస్తోందని అందరికీ అప్పుడే తెలిసింది.

కోడలు మెల్లగానే చెప్పింది, అందరూ బయటికి రండి అని. నలుగురూ లేచారు. మాట్లాడకుండా, గోడకి దూరంగా ఒకరి వెనక ఒకరు నడిచి వీధిలో పడ్డారు. ఒకావిడ గుమ్మం దాకా పోయి, కత్తెర మర్చిపోయానని వెనక్కి తిరిగింది. కోడలు ఆవిడ జబ్బ పట్టుకుని బయటికి నెట్టింది. అంత మొరటుగా తను ఎవరినీ నెట్టలేదు ఇదివరకు.

దర్జీ మాత్రం స్టూలు మీంచి లేవలేదు.

"అన్నయ్య పడదన్నాడుగా. ఇప్పుడు నువ్వొచ్చి పడుతుందంటావేంటి?"

ఇక దాచడానికి లేదు. చెప్పింది. తప్పు తనదే అని ముందు చెప్పింది. వాన అని చెప్పింది. మామయ్య లోపలికే రాలేదని, గోడ తట్టనే లేదని చెప్పింది. చివరి మాట మాత్రం మింగేసింది.

దర్జీయే అందించాడు. "నాకూ వాడికీ పడదన్నాడు. అంతేనా?"

ఆమె తలొంచుకుంది.

దర్జీ మెడలోని టేపు తీశాడు. జాగ్రత్తగా చుట్టాడు, చుట్టి మిషను మీద పెట్టాడు.

"ఎనిమిదేళ్ళుగా నేను పడనివాణ్ణి. మూడు రోజులు పడ్డాననుకుని మురిసిపోయాను. పిచ్చినాకొడుకుని."

అని ముందుకి వంగి, తెల్ల గుడ్డ సూది కిందకి తోసి, కాలు ఆడించడం మొదలుపెట్టాడు.

గడగడగడ.

కిటికీ గట్టు మీద పొట్టు మళ్ళీ గంతులేసింది.

అత్తయ్య బయటికొచ్చి మరిదిని బతిమాలింది, తిట్టింది, చిన్నప్పుడు నా చేతి ముద్ద తిన్నావు, ఆ విశ్వాసమైనా లేదా అంది. ఆయన వినిపించుకోలేదు. ఏ మొహం పెట్టుకుని మళ్ళీ బడికి పోను, అన్న నా ఇల్లు చూశాడని అందరికీ చెప్పుకున్నాను అన్నాడు ఒక్కసారి. అంతే. కోడలు మిషను చక్రం మీద చెయ్యి వేయబోతే మెత్తగా తోసేశాడు.

అప్పుడు తోడికోడళ్ళ పోట్లాట మొదలైంది. నువ్వు పో అక్కా అని చిన్నత్త. నిన్నొదిలి పోతే నీ నోటి నుంచి నా చెవులు తప్పించుకున్నట్టేగా, అంత అదృష్టం నాకెక్కడిది అని అత్తయ్య. అంటూనే ఆవిడ చంకల కింద చేతులు వేసి లేపుతోంది. చిన్నత్త లేచింది, కాలు ఆనగానే అరిచి కూలబడింది. మంచంతో ఎత్తుదామంటే మంచం వెడల్పు, తలుపు ఇరుకు. ఏటవాలుగా తిప్పాలి. తిప్పితే మంచం కోడు కిటికీ గోడకి తగులుతుంది.

"తగలనివ్వకూడదు," అంది కోడలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

గోడలోంచి సన్నగా ఏదో జారింది. ఆగింది.

ఆ క్షణంలో గదిలో వెలుతురు సగానికి తగ్గింది.

కిటికీ అవతల వీధిలో మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఎడంచేతిలో తాపీ. కుడిచేతికి కలిపిన మెతుకులు అలాగే ఎండి అంటుకుని ఉన్నాయి. కంచం ముందు నుంచి అలాగే లేచొచ్చినట్టున్నాడు. ఆయన లోపలికి చూడటం లేదు. అరచెయ్యి గోడకి ఆనించి, జ్వరం చూసే వాడిలా కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వినపడింది, పట్టుకోవే, జారిపోతోంది అని.

మేస్త్రి కోడలి వైపు చూశాడు. మీ అత్తేనా అని ఆ చూపు. ఆమె తలూపింది.

తర్వాత కిటికీలోంచి, తనకి చెప్పకుండా తీసిన ఆ కిటికీలోంచే, ఎనిమిదేళ్ళలో మొదటిసారి తమ్ముడితో మాట్లాడాడు.

"కాలు ఆపరా. అది అదిరితే ఇది అదురుతోంది. కాలు ఆపు."

కాలు ఆగింది. దర్జీ అన్న ముఖంలోకి చూశాడు. ఇద్దరి మధ్యా కిటికీ ఊచలు.

"గుమ్మం తొక్కవుగా. చెప్పాల్సింది అక్కడి నుంచే చెప్పి పో."

కిటికీలోంచి నీడ తప్పుకుంది. వెలుతురు మళ్ళీ లోపలికొచ్చింది. పోయాడనుకుంది కోడలు.

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది.

ఆయన గుమ్మం మీద ఒక్క క్షణం ఆగాడు. కాలు ఎత్తి లోపల పెట్టాడు. నేల మీద పరిచిన తెల్ల గుడ్డ మీద బురద అడుగు పడింది. పొద్దుటి నుంచి కుట్టిందంతా పాడుచేశావని దర్జీ అనలేదు. లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్, నువ్వు వీధిలోకి పో. రిజిస్టరు తీసుకుపో."

తను కూడా పట్టుకుంటానని, నలుగురైతే మంచం లేస్తుందని కోడలు అంది. మేస్త్రి గొంతు పెంచలేదు. రాసేవాళ్ళు వీధిలోనే ఉండాలన్నాడు. పద్ధతి పద్ధతే అన్నాడు. అని తమ్ముణ్ణి కళ్ళతోనే మంచం తల వైపుకి పొమ్మన్నాడు. దర్జీ పోయాడు, చిన్నప్పుడు ఇటుకలందించడానికి పోయినట్టు.

కోడలు బయటికొచ్చింది. ఎండ కళ్ళలో కొట్టింది. వీధికి అవతల వైపు నలుగురు ఆడవాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ఊతకర్రల బండి వీధి మలుపులో బురదలో దిగబడింది. పంతులమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వెనకనుంచి నెడుతోంది. చక్రం అక్కడే తిరుగుతోంది, ముందుకి రావడం లేదు.

రంగు డబ్బా గుమ్మం పక్కన పెట్టి, ఆమె రిజిస్టరు తెరిచింది. పేజీ తనంతట తనే అక్కడికే తెరుచుకుంది. పడదు. ఆ మాటకి అడ్డంగా గీత కొట్టింది. పక్కన ఖాళీ ఉంచింది.

లోపలి నుంచి మొదటి దెబ్బ వినపడింది. తాపీ పిడి, గోడ మీద. మెత్తగా, పసిపిల్లాడి వీపు తట్టినట్టు.

రెండోది.

వీధిలో ఎవరూ కదల్లేదు. బండి నెట్టే వాళ్ళు కూడా ఆగిపోయారు.

మూడోది.

ఆ తర్వాత ఆయన గొంతు. మిగతా అన్ని ఇళ్ళ దగ్గరా విన్న గొంతే, హెచ్చూ తగ్గూ లేకుండా.

"రాసుకో అమ్మాయ్."

ఆమె కలం కాగితం మీద ఆనించింది. తప్పు విననని, ఈసారి ఒక్క అక్షరం కూడా తప్పు విననని పళ్ళు బిగించి, చెవులు రిక్కించింది.

కిటికీలోంచి సన్నటి ఎర్రటి ధూళి, పొగలాగా, మెల్లగా వీధిలోకి వచ్చింది. లోపల మంచం కోడు నేల మీద గీసుకున్న చప్పుడు. అత్తయ్య ఏదో అనబోయి ఆగిన చప్పుడు.

కలం కింద సిరా చుక్క పెద్దదవుతోంది.

ఆయన రాసుకో అన్న తర్వాత ఇంతసేపు ఎప్పుడూ ఆగలేదు.